ఇంటిపేరు లేని గాలి

"అండమాన్ల రెండొందల బార్లున్నయటనే!" అంటూ బాలనర్సమ్మ వంటింట్లోకి వచ్చేసరికి దేవిక చేతిలోని ఉల్లిగడ్డ సగం తెగి ఆగింది.

"ఎవలన్నరత్తమ్మా?"

"ఎవలో అనుడెందుకు? నీ బిడ్డనే ఫోన్ల ఎవలితోనో చెప్పవట్టె. 'రెండొందల బార్ ఉన్నది, ఇగ పరేశాన్ లేదు' అనవట్టె. రెండొందల బార్లున్న కాడ పరేశాన్ ఏముంటది? తాగెటోనికి దినాం దసరానే!"

బాలనర్సమ్మకు డెబ్బై దాటినా చెవులు బాగానే పనిచేస్తాయి. కాకపోతే విన్నదాన్ని ఉన్నదున్నట్టు ఎవరికీ అందించదు, కొంచెం పోపు పెట్టి ఇస్తుంది. అండమాన్ అనే మాట ఇషిత ఆ ఫోన్లో అననే లేదు. అది పోపు.

ఆ ఆదివారం ఇంట్లో అనుకున్న పని నిజానికి చిన్నదే. ఇషిత పుదుచ్చేరిలో కొన్నాళ్లుండి, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగుకు దిగే విద్య నేర్చుకుంది. ఆ విద్యే నేర్పే ఒక చోట, అండమాన్‌లో, ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. వస్తున్నదీ లేనిదీ ఆ సాయంత్రంలోగా వాళ్లకు చెప్పాలి. దేవిక మాత్రం నెల రోజులుగా తల అడ్డంగానే ఊపుతోంది. "మమ్మీ వద్దంటె నేను పోను" అని ఇషిత అనేసింది. అలిగి అన్న మాట కాదది, నిజంగానే అంది. దాంతో దేవికకు రాత్రుళ్లు నిద్ర పట్టడం మానేసింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. "నా కండ్ల ముంగట నీళ్లల్లకు దిగు. చూసినంక నాకు ధైర్యమైతె పో. కాకుంటె గా ముచ్చట ఇంట్ల మళ్ల ఎత్తద్దు." నర్సాపూర్ రోడ్డులో దేవిక తమ్ముడు నర్సింగానికి పెద్ద వ్యవసాయ బావి ఉంది. పరీక్ష అక్కడ, పదకొండు గంటలకు. సిలిండర్, దాని సరంజామా ఇషిత హైదరాబాద్‌లో స్నేహితురాలి దగ్గర నుంచి ముందురోజే తెచ్చి పెట్టుకుంది.

చాయ్ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చిన రఘుపతి, తల్లి మాట చివరి ముక్క విన్నాడు. అంతే చాలు అతనికి.

రఘుపతికి మెదక్ బస్టాండు దగ్గర టైర్ల దుకాణం ఉంది. పంక్చర్లు వేస్తాడు, టైర్లు మారుస్తాడు, గాలి కొడతాడు. ఊరు అతన్ని గాలి రఘుపతి అంటుంది. గాలి కొట్టడం వల్ల ఆ పేరొచ్చిందని అతను చెబుతాడు. మాటల వల్ల వచ్చిందని మిగతా ఊరు చెబుతుంది. ఏ మాట దొరికినా దాన్ని తిరగేసి, బోర్లేసి, ట్యూబు బయటికి లాగి, నీళ్లలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందో చూసేదాకా వదలడు.

"అమ్మా, నీళ్లల్ల బార్ పెడితె ఎంత సౌలతే! మందుల నీళ్లు కలుపుకునే పని లేదు. మన కాడ తాగి మునుగుతరు, గక్కడ మునిగి తాగుతరు!"

అని పగలబడి నవ్వాడు. పెళ్లయినప్పటి నుంచీ దేవిక అతని జోకు దేనికీ నవ్వలేదు కాబట్టి, జోకు వేయడంతోపాటు నవ్వే పని కూడా అతనే చూసుకోవాల్సి వస్తోంది.

"ఇషితా! ఏందే గా బార్లు?" అని దేవిక కేకేసింది.

జుట్టు ముడేసుకుంటూ ఇషిత వచ్చింది. "అయ్యో మమ్మీ, బార్ అంటె ప్రెషర్ కొలత" అని మొదలుపెట్టి, సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడితో ఉందో ఎలా చూస్తారో, నాన్న దుకాణంలో వాడే కొలత ఏమిటో, ఈ కొలత ఏమిటో, రెండింటికీ తేడా ఎంతో నాలుగు మాటల్లో విప్పి చెప్పింది. దేవికకు అర్థమైంది. బాలనర్సమ్మకు అర్థం చేసుకునే ఉద్దేశం లేదు. రఘుపతి ఆ నాలుగు మాటల పొడుగునా 'మునిగి తాగుతరు' అని మళ్లీ మళ్లీ అనుకుంటూ కళ్లు తుడుచుకుంటున్నాడు. ఒక్క మాట చెవిలో పడి ఉన్నా ఆ ఆదివారం మెదక్‌లో మామూలుగా గడిచిపోయేది.

"డాడీ, నేను ముందుగాల పోయి మామతోని తాళ్లు కట్టిపిస్త. సిలిండర్‌కు అన్నీ బిగిచ్చి పెట్టిన. ఆటోల మెల్లగ తీస్కరండి. దేన్నీ ముట్టకండి" అంది ఇషిత, స్కూటీ తాళాలు తీసుకుంటూ.

"గాలి గురించి నాకు చెప్పుడా బిడ్డా? నేను గాలి మీదనే బతుకుతున్న!"

ఇషిత వెళ్లిపోయింది. దేవిక మేడ మీద మిరపకాయలు ఎండబెట్టడానికి పోయింది. వరండాలో రఘుపతి, సిలిండర్ మిగిలారు.

సిలిండర్ చూడముచ్చటగా ఉంది. పచ్చగా, బొద్దుగా, నడుం ఎత్తున. పైన ఒక తిప్పుడు మర, దానికి నల్లటి పైపులు, ఒక పైపు చివర నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క, ఇంకో పైపు చివర గేజీ. పొద్దుటి ఎండ కొంచెం కొంచెంగా వరండాలోకి జరిగి సిలిండర్ పాదాల మీద పడుతోంది. టైర్ల దుకాణం నడిపేవాడి ఎదుట గేజీ పెట్టి చూడవద్దనడం, పిల్లి ఎదుట పాలు పెట్టి కాపలా కాయమనడం లాంటిది. రఘుపతి మర తిప్పాడు. ముల్లు లేచింది. లేచి, లేచి, రెండు వందల దగ్గర నిలబడింది.

రఘుపతి చేతిలోని చాయ్ గ్లాసు దానంతటదే కింద కూర్చుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మెదక్‌లో గాలికి అంకె ఉంటుంది గానీ ఇంటిపేరు ఉండదు. బండి ఆపుతారు, "ముందట ఇరవై అయిదు, ఎనక ముప్పై" అంటారు. ముప్పై ఏమిటని అడిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. కారుకు ముప్పై మూడు, లారీకి నూట పది, ట్రాక్టరు వెనక టైరుకు పద్నాలుగు. ఇది దుకాణంలో ఒక్కటే కాదు. దేవిక బీపీకి దవాఖానాకు పోతే డాక్టరమ్మ "నూట యాభై ఉందమ్మా" అంటుంది. నూట యాభై ఏమిటో ఆమె చెప్పదు, వీళ్లు అడగరు, గోలీ మాత్రం వేసుకుంటారు. కుక్కర్‌కైతే అంకె కూడా లేదు, కూతలే. ఒత్తిడిని పుస్తకాల్లో పీడనం అంటారని రఘుపతికి తెలుసు. అతన్ని దేవిక పీడ అంటుంది. రెండింటికీ చుట్టరికం ఉందని అతని అనుమానం.

కాబట్టి గేజీ మీద ముల్లు కింద సన్నటి అక్షరాలు కొన్ని ఉన్నా, రఘుపతి వాటి వైపు చూడలేదు. ఇన్నేళ్లలో ఏ గేజీ మీదా అతను ముల్లు తప్ప ఇంకేదీ చూడలేదు. అతనికి కనిపించింది ఒక్కటే. ఒకసారి నూట పదితో లారీ టైరు పేలితే దుకాణం షట్టరు వంగిపోయింది. ఇక్కడ రెండు వందలు ఉంది. పైన ఎండ. ఇది కూతురి వీపుకు కట్టుకునేది.

ఫోన్ చేశాడు. స్కూటీ మీద ఉన్న ఇషిత ఎత్తలేదు.

'కొత్త పోరి. హైదరాబాదోడు ఎవడో ఇష్టమొచ్చినట్టు కొట్టిచ్చిండు' అనుకున్నాడు. గాలి తీసేయాలి. ఎంతకు తేవాలి? కారుకు ముప్పై మూడు, అందులో అయిదుగురు కూర్చుంటారు. ఇక్కడున్నది ఒక్క పిల్ల, అదీ సన్నగా ఉంటుంది. ముప్పై చాలు. ముప్పై కూడా తండ్రి ప్రేమ కొద్దీ.

రబ్బరు ముక్క వెనకాల గుండ్రంగా ఒక మీట ఉంది. బొటనవేలితో నొక్కాడు.

"బుస్స్‌స్‌స్‌!"

టైరు ట్యూబు గాలి వదిలితే ఒక నిట్టూర్పు వస్తుంది. ఇది నిట్టూర్పు కాదు. వంద నాగుపాములకు ఒకేసారి కోపం వచ్చినట్టుంది. వరండాలో ఆరేసిన తువ్వాలలు ఎగిరాయి. బాలనర్సమ్మ "పామురో!" అని అరిచి మంచమెక్కింది.

"పాము గాదే, సిలిండర్! సిలిండర్ల గాలి తీస్తున్న!" అని రఘుపతి గొంతు చించుకున్నాడు.

ఆ బుసలో నుంచి బయటికి వెళ్లిన మాట ఒక్కటే. సిలిండర్.

ఎదురింటి గాబ్రియేలు అప్పుడే చర్చికి బయలుదేరి గేటు తీస్తున్నాడు. చర్చి పాటల బృందంలో అందరికన్నా కింది స్వరం ఆయనది. ఆ గొంతుకు మైకు పెడితే మైకే సిగ్గుపడుతుంది. ఆయన బుస విన్నాడు, సిలిండర్ అనే మాట విన్నాడు, వరండాలో పచ్చటి సిలిండర్‌ను వాటేసుకుని కళ్లు మూసుకుని ఉన్న రఘుపతిని చూశాడు.

"రఘుపతింట్ల సిలిండర్ లీకైంది! స్టవ్‌లు బందుపెట్టుండ్రి! అందరు బయటికి రండ్రి!"

గల్లీ మొత్తానికి ఒకేసారి వినిపించింది. ఆదివారం పొద్దున కాబట్టి ప్రతి పొయ్యి మీదా కోడికూర ఉంది. అవన్నీ సగం ఉడికి ఆగిపోయాయి. జనం బయటికి ఉరికారు. ఒకాయన టీవీ ఎత్తుకొచ్చాడు, ఒకావిడ పెళ్లి పట్టుచీర తెచ్చుకుంది. మూలింటి కిష్టవ్వ ముక్కు ఎగబీల్చి, "అవ్వో, గ్యాసు వాసనొస్తున్నది!" అంది. వస్తున్నది ఆమె ఇంట్లో మాడిన కూర వాసన. కానీ ఆ మాటతో అందరికీ గ్యాసు వాసన వచ్చింది. గాబ్రియేలు ఫైరింజన్‌కు ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ లేకుండా పిలిచినా వాళ్లకు వినిపించేదే.

రఘుపతికి ఇవేవీ తెలియవు. అతని కళ్లు ముల్లు మీద ఉన్నాయి. నూట యాభై. వంద. డెబ్బై. గాలి తీయడం తొందర పని కాదు. అయిదారు నిమిషాలు పట్టింది. ముల్లు సరిగ్గా ముప్పైకి వచ్చిన క్షణాన వేలు తీశాడు, మర బిగించాడు, తన పనితనానికి తానే తల ఊపుకున్నాడు. సరిగ్గా అప్పుడే తడి గోనెసంచులు రెండు, తడి దుప్పటి ఒకటి ఎటు నుంచో వచ్చి అతని మీద పడ్డాయి.

మేడ మీద నుంచి ఉరికొచ్చిన దేవికకు, వరండాలో దుప్పటి కింద ఏదో కదులుతూ కనిపించింది.

"ఏందయా గది?"

"నేనే" అంది దుప్పటి.

"గిదేనా నీళ్లల్లకు దిగుడంటె? ఇంక ఇంటికాడనే గింత గత్తరైతె, గా సముద్రంల నా బిడ్డ గతేంది?"

ఆ మాటకు రఘుపతి లోపల చల్లబడ్డాడు. తడి దుప్పటి వల్ల కాదు. పిల్లకు మద్దతిచ్చినవాడు ఇంట్లో తనొక్కడే. తన వల్లే దేవిక భయం ఇంకో మెట్టెక్కింది. ఇంతలో సైరన్ మోగించుకుంటూ ఫైరింజన్ గల్లీలోకి వచ్చేసింది. దాని మీద నుంచి ఒక ఆఫీసరు దూకాడు.

"సిలిండర్ ఏది?"

"గిదే సార్."

"గ్యాసు సిలిండరేనా?"

"గ్యాసుది గాదు. గాలిది."

"గాలికి మమ్ముల పిలిచిండ్రా?"

గల్లీ మొత్తం రఘుపతి వైపు చూసింది. మాడిన కూరలు, మోసుకొచ్చిన టీవీ, తడిసిన దుప్పటి అన్నీ ఆ చూపులో ఉన్నాయి. ఇలాంటప్పుడు తెలివైనవాడు క్షమించమని లోపలికి పోతాడు. రఘుపతి మాటల మనిషి కాబట్టి మాట్లాడాడు.

"మీ అందరికి ఒక ముచ్చట! మా ఇషిత గీ సిలిండర్ కట్టుకొని ఇయ్యాల మా బామ్మర్ది బాయిల దిగుతున్నది. నీళ్ల అడుగున కూసుంటది, మళ్ల పైకొస్తది. మెదక్‌ల గిసొంటిది ఎవలన్న చూసిండ్రా? పదకొండు గొట్టంగ అందరు రండ్రి!"

కూర ఎలాగూ పోయింది, కనీసం తమాషా అయినా చూద్దామని గల్లీ ఒప్పుకుంది. ఆఫీసరు మాత్రం టోపీ సరిచేసుకున్నాడు. "బాయిల మనిషి దిగుతుంటె మేం లేకుంటె ఎట్ల? మేం గూడ వస్తం."

అలా బయలుదేరింది ఊరేగింపు. ముందు ఫైరింజన్, దాని వెనక ఆటోలో రఘుపతి, దేవిక, బాలనర్సమ్మ, వాళ్ల ఒళ్లో పసిపిల్లలా సిలిండర్, దాని వెనక బైకుల మీదా ఆటోల్లోనూ గల్లీ. చర్చి మానేసి గాబ్రియేలు కూడా వచ్చాడు. మంటలకు పోవట్లేదని డ్రైవరుకు తెలుసు, కానీ మార్కెట్ దగ్గర ట్రాఫిక్ ఆగి ఉంటే అలవాటు కొద్దీ సైరన్ నొక్కాడు. నొక్కినవాడు బావి దాకా ఆపడం మరిచిపోయాడు.

సైరన్ వేసుకుని ఫైరింజన్ పొలాల్లోకి మళ్లి బావి దగ్గర ఆగితే, చూసేవాళ్లు ఒక్కటే అనుకుంటారు. చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్లు నాట్లు వదిలేసి ఉరికొచ్చారు. ఒకడు తాడు తెచ్చాడు, ఇద్దరు మంచం మోసుకొచ్చారు. ఎవరు పడ్డారో తెలియకుండానే ఇద్దరు ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకున్నారు. తెలిశాక పేరు కలుపుకోవచ్చని.

"బావా! ఎవలు పడ్డరు?" అంటూ నర్సింగం ఎదురొచ్చాడు.

"ఎవలు పడలె. నీ కోడలు దిగుతది, గంతే."

"దిగుతుంటెనే గింతమందా! పడితె ఇంకెంతమంది వస్తుండిరో!"

బావి మెట్ల మీద ఇషిత సిద్ధంగా ఉంది. ఒంటికి అతుక్కున్న నల్లటి దుస్తులు, మెడలో అద్దాల ముసుగు. ఫైరింజన్, వందమంది జనం, మంచం, ఏడుస్తున్న ఆడవాళ్లు, తడి బట్టలతో తండ్రి. అన్నిటినీ ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా సిలిండర్ ముందుకు లాక్కుంది. వాళ్లమ్మ బిడ్డ. ముందు పని, తర్వాతే తిట్టు. మర తిప్పి గేజీ చూసింది. గోటితో రెండుసార్లు తట్టింది. మళ్లీ చూసింది.

"డాడీ."

"చెప్పు బిడ్డా."

"గిది ముప్పై చూపిస్తున్నది."

"అవ్!" అన్నాడు రఘుపతి, అందరికీ వినిపించేలా. "ఒక్క పాయింటు అటిటు కాలె. చెయ్యి తిరిగిన పని."

"పొద్దుగాల రెండొందలుండె."

"ఉండె. నేనే తీసిన. ఎండల పెట్టి రెండొందలుంచితె పేలదా? నువ్వు కొత్తదానివి, నీకు తెల్వది. ఒక్కదానికి ముప్పై మస్తు."

ఇషిత మెట్టు మీద కూలబడింది.

"డాడీ, మీ దుకాణంల చూసేది పీఎస్ఐ. గిది బార్. పొద్దుగాల చెప్తి కదా. ఒక్క బార్ అంటె మీ లెక్కల పద్నాలుగున్నర. రెండొందలంటె దగ్గర దగ్గర మూడు వేలు."

"మూడు..."

"వేలు."

రఘుపతి సిలిండర్ నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. "మూడు వేల గాలి రాత్రంత నా పక్క అర్రల పండుకున్నదా?"

"గంత పట్టెటట్టే చేస్తరు డాడీ దాన్ని. ఏం గాదు."

"మరి ఏ ఊరి కొలత బిడ్డా గిది? అందరు ఒక్కటే లెక్క వాడితె ఏమైతది?"

"అమెరికోళ్లు నీళ్లల్ల గూడ పీఎస్ఐనే చూస్తరు. మన దిక్కు బార్."

"అయితె అమెరికా గేజీ తేవద్దా!" అని రఘుపతి గట్టిగానే అన్నాడు. తప్పు తనదని తెలిశాక మనిషికి గొంతు పెరుగుతుంది. అంతలో అతని కళ్లు మెరిశాయి. "ఆగాగు. గిప్పుడున్న ముప్పై బార్ నా లెక్కల ఎంత?"

"నాలుగొందల ముప్పై దాక."

"నాలుగు లారీ టైర్ల గాలే! ఇగ ఏమైంది? దిగు!"

"సిలిండర్‌ల యాభై బార్ మిగిలిందంటె ఎంత లోతులున్నా పైకి రావాలె డాడీ. గది రూలు. యాభైకి బయటికి వచ్చేటోళ్లం, ముప్పై పెట్టుకొని లోపలికి పోం."

ఈ మాట జనానికి నచ్చలేదు. నర్సింగం ముందుకొచ్చాడు. "అరె బిడ్డా, గిది సముద్రమా? మన బాయి. ఇట్ల మునిగి అట్ల తేలు. ఎవలు లెక్కవెట్టొచ్చిండ్రు?"

"మేమున్నం కదమ్మా, తాడు గూడ ఉన్నది" అన్నాడు ఫైరు ఆఫీసరు. ఆయనకూ చూడాలని ఉంది.

"దిగనిదానికి గా నల్ల డ్రెస్సెందుకమ్మా, దిష్టి తగలకుండనా?" అని వెనక నుంచి ఒకావిడ అంది. పొలంలో నాట్లు వదిలేసి వచ్చిన మనిషి, ఆమె కోపం ఆమెది.

రఘుపతి చేతులెత్తి అందరినీ ఆపాడు. "గాలే కదా తక్కువైంది? గాలి నా ఇంటి పంట! నడువుండ్రి దుకాణానికి, ఒక్క నిమిషంల కొట్టిస్త."

"మీ కంప్రెసర్ల ఎంతుంటది డాడీ?"

"నూట యాభై!"

"అంటె పది బార్. దీంట్ల ముప్పై ఉన్నది. రెండు కలిపితె గాలి దీంట్లకు రాదు. దీంట్లకెళ్లి మీ కంప్రెసర్లకే పోతది. అయినా దాని గాలి టైర్లకు, పీల్చేటందుకు కాదు. గాలి వట్టియ్యాలంటె హైదరాబాదే పోవాలె."

ఊరికంతటికీ గాలి పోసే రఘుపతికి, తన దగ్గరున్న గాలి సరిపోదని ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. నిజంగానే గాలి పోయినట్టయింది. మెల్లగా మెట్లు దిగి కూతురి పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ఒక్క మునుగు. ఊరందరిని నేనే పిలిచిన. గది పోనియ్. మీ మమ్మీ చూస్తున్నది. ఇప్పుడు దిగకుంటె సాయంత్రం గా అండమానోళ్లకు ఏం చెప్తవు?"

ఇషిత తలెత్తి గట్టు మీద నిలబడ్డ తల్లిని చూసింది. దేవిక ముఖంలో ఏమీ కనిపించలేదు.

"రానని చెప్త. ముప్పైతోని మాత్రం దిగను."

అని మర బిగించి, పైపులు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పైపూ విప్పి, చుట్టి, పక్కన పెడుతుంటే ఆమె కళ్ల నుంచి రెండు చుక్కలు మెట్టు మీద పడ్డాయి. అప్పుడు చూశాడు రఘుపతి. ఇంతసేపూ తన పరువు లోతు కొలుచుకుంటూ కూర్చున్నాడు. ఇక్కడ మునిగింది వేరే.

అతను లేచి గట్టెక్కాడు.

"గాబ్రియేలన్నా, జర నీ గొంతియ్యి. నేను చెప్పింది చెప్పినట్టు అందరికి చెప్పు." గాబ్రియేలు ఛాతీ నింపుకున్నాడు. రఘుపతి ఒక్కో ముక్క చెప్పడం, అది ఆ పొలాలన్నిటి మీదుగా దొర్లిపోవడం మొదలైంది.

"పిల్ల తప్పేం లేదు! సిలిండర్ల గాలి మంచిగనే ఉండె! గేజీ బార్ల లెక్క చెప్తుంటె, నేను టైర్ల లెక్క చూసిన! పద్నాలుగున్నర టైరు లెక్కయితె గాని ఒక్క బార్ గాదు! రెండొందలు చూసి భయపడి, పేలుతదని గాలి తీసిన! పొద్దుగాల మీ కూరలు మాడింది గ్యాసుకు గాదు, నా గాలితెలివికి! ఇన్నొద్దులు నేను గాలి కొట్టే రఘుపతిని, ఇయ్యాల బిడ్డ గాలి తీసిన రఘుపతిని! పిల్ల పొద్దుగాల గీ ముచ్చటంత చెప్పింది, నేను నా జోకుకు నేనే నవ్వుకుంట వినలె!"

చివరి వాక్యాన్ని గాబ్రియేలు అవసరానికి మించి గట్టిగా చెప్పాడు.

జనం నవ్వారు. మొదట కిష్టవ్వ, తర్వాత ఫైరు వాళ్లు, తర్వాత మంచం మోసుకొచ్చినవాళ్లు. ఇన్నేళ్లలో రఘుపతి మాటకు ఇంతమంది ఒకేసారి నవ్వడం ఇదే మొదలు. అది కూడా జోకు వేయనప్పుడు.

"అయితె గా రెండొందల బార్లు అండమాన్ల లేవారా?" అంది బాలనర్సమ్మ, కొంచెం నిరాశగా.

"సిలిండర్ల ఉండెనే అమ్మా. అవి గూడ నేనే బందువెట్టిచ్చిన."

అప్పుడు దేవిక కదిలింది. కొంగు నడుముకు దోపుకుని, మెట్లు దిగి ఇషిత దగ్గరికి వెళ్లింది. దేవిక కూతురి చేతిలో నుంచి పైపు తీసుకుని, తనే చుట్టి పక్కన పెట్టింది.

"సాయంత్రం ఫోన్ చెయ్యి. వస్తున్నా అని చెప్పు."

ఇషితకు అర్థం కాలేదు. నర్సింగానికి అసలే కాలేదు. "అక్కా! పిల్ల నీళ్లల్ల కాలే పెట్టలె గదనే!"

"గందుకేరా. ఊరంత దిగు దిగు అనవట్టె. నువ్వు అనవడ్తివి, ఫైరు సారు అనవట్టె, కన్నతండ్రి కాళ్ల కాడ కూసొని బతిమిలాడవట్టె. ఉద్యోగం పోతదని తెల్సి గూడ దిగలె. ఇంక సముద్రంల గీమెను దిగుమనెటోళ్లు ఎవలున్నరు, నీ బావ గూడ ఉండడు!" అని కూతురి తడి చెంపను కొంగుతో గట్టిగా తుడిచింది. "పో బిడ్డా. నాకు నిద్ర వడ్తది."

ఇషిత తల్లి భుజం మీద తల పెట్టేసింది. ఏడవడం మధ్యలో ఆపేసిన ఆ ఇద్దరు ఆడవాళ్లు, ఇప్పుడు కారణం దొరికింది కాబట్టి మిగతాది పూర్తి చేశారు. పనేమీ లేక ఫైరింజన్ వాళ్లు వెళ్తూ వెళ్తూ నర్సింగం మడి ఒకటి తడిపి పోయారు.

ఇషిత ప్రయాణం వారం తిరిగేలోగా ఖాయమైంది, కాకపోతే సామాను సర్దే రోజు, దాని మీద రఘుపతి చెయ్యి పడకుండా, తల్లీకూతుళ్లు గదికి లోపలి నుంచి గడియ పెట్టుకున్నారు.